నెల్లాళ్ళు నీడపట్టున ఉండగలిగేదెవరు?

సాలూరులో మహిళా సంఘాల సమావేశం నుంచి తిరిగొచ్చి ఈ సంపాదకీయం రాస్తున్నాను. వెళ్ళేటప్పుడు నా ఆలోచన వేరు. ఉపాధి హామీ పనుల్లో ఆడవాళ్ళ కూలి లెక్కల గురించి రాయాలనుకున్నాను. అది వచ్చే సంచికకు వాయిదా వేశాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, పాచిపెంట వైపు నుంచి కొండ దిగి వచ్చిన ఒక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. అన్నంలో చారు పోసుకుని జావలా పిసికి, ముద్దను ఒక దవడకు నెట్టి కళ్ళు మూసుకుని మింగుతోంది. "ఏమైంది పెద్దమ్మా?" అంటే నోరు తెరిచి చూపించింది. అంగిలంతా తెల్లగా, దళసరిగా ఉంది. మధ్యలో ఎర్రగా ఒరుసుకుపోయిన చోటొకటి. ఆరు నెలలైందట. ఒక ఆస్పత్రికి వెళ్తే నోరు పూసిందని బలం బిళ్ళలిచ్చి పంపారట. నోరు తెరవమని మాత్రం అక్కడెవరూ అడగలేదు.

"అడ్డపొగ కాలుస్తావా?" అన్నాను.

"మా యమ్మ కాల్చింది, నాను కాల్చినాను. ఇప్పుడు మంటెత్తిపోతంది, మానీసినాను" అంది. కాసేపటికి తనే అడిగింది. "కేన్సరుకి లైటేసి కాల్చీసే మందొచ్చిందంట గదమ్మా. బంగారం పొడి ఎక్కిస్తారంట. మా మనవడు సెల్లుల సూపించినాడు. మాలాటోల్లకి ఇస్తారేటి?"

నా సంచీలో ఆ కాగితాలే ఉన్నాయి. కొన్ని నెలలుగా ఒక పరిశోధనా సంస్థ నైతిక సంఘంలో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. సామాజిక శాస్త్రం చదివినదాన్ని కనుక పిలిచారు. కాంతితో కేన్సర్‌ను చంపే సూక్ష్మ పదార్థాల గురించి అక్కడ చదివినది ఆమెకు నాకు చేతనైన మాటల్లో చెప్పాను. ఈ తరహా చికిత్సల్లో అన్నిటికన్నా పాతదాని తర్వాత నెల్లాళ్ళు ఒంటికి ఎండ తగలకూడదని అనగానే ఆమె నా మాట పూర్తికానివ్వలేదు.

"నెల్లాళ్ళే! జీడిపిక్కలు ఎవులేరతారమ్మా? మేకల్ని ఎవులు తోల్తారు? నీడపట్టున కూకోడానికి నానేటి రాణీనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను చదివిన వందల పేజీల్లో ఈ ప్రశ్న ఎక్కడా లేదు.

అడ్డపొగ అంటే తెలియని పాఠకులూ మనలో ఉంటారు. ఉత్తరాంధ్ర తీరంలోనూ ఈ కొండల దిగువ ఊళ్ళలోనూ ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. పొగా వేడీ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే అంగిలి కేన్సర్ ఇక్కడ మామూలు కావడానికి కారణం ఇదే. 1960లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్‌కు చెందిన జెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఊరూరూ తిరిగింది. 1971లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం నోరు పరీక్షించిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ కాల్చేవాళ్ళే. వారిలో ఎక్కువమంది స్త్రీలు. సాలూరు అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలోకీ, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకీ మారింది. జిల్లాల పేర్లు ఎన్ని మారినా చుట్ట మాత్రం అడ్డంగానే ఉండిపోయింది.

వైద్య పత్రికలు దీన్ని 'అలవాటు' అని ఒక ముక్కలో తేల్చేస్తాయి. ఎందుకలా కాలుస్తారని అడిగితే ఆడవాళ్ళు చెప్పే జవాబులు వేరు. రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట జారదు. గాలికీ వానకీ నిప్పు ఆరదు. చంకలో బిడ్డ మీద నుసి రాలదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది, డబ్బు కలిసొస్తుంది. పెద్దవాళ్ళ ఎదుట నోరు మూసుకుంటే కనబడదు. ఈ జవాబులన్నిటిలోనూ నాకు పనే కనిపిస్తుంది. తీరిగ్గా అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చే వీలు మగవాడికి ఉంది కనుక అతను నిప్పును బయట ఉంచుకున్నాడు. ఆ తీరిక లేని ఆడది నిప్పును నోట్లో దాచుకుని నాట్లు వేసింది.

ఇక కాంతి సంగతి. మందు పూసి ఎండలో కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. బొల్లి మచ్చలకు బావంచాల నూనె రాసి ఎండ చూపించడం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. ప్రయోగశాలలో దీని చరిత్ర 1900లో మ్యూనిక్‌లో మొదలైంది. టాపైనర్ అనే ఆచార్యుడి దగ్గర చదువుకుంటున్న ఆస్కార్ రాబ్, ఒక రంగు కలిపిన నీళ్ళలోని సూక్ష్మజీవులు చీకట్లో బతికి వెలుతురులో చచ్చిపోవడం గమనించాడు. రంగుకు వెలుగూ ఆక్సిజనూ తోడైతే కణాన్ని చంపే చురుకైన ఆక్సిజన్ పుడుతుందని తర్వాత తేలింది. అమెరికాలో బఫెలో నగరానికి చెందిన థామస్ డోగెర్టీ 1970లలో దీన్ని రోగుల దగ్గరకు తెచ్చాడు. ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడాలోనూ 1995లో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. జపాన్ 2020లో మరో అడుగు వేసింది. కాంతికి స్పందించే రంగును కేన్సర్ కణాన్ని పట్టుకునే యాంటీబాడీకి జోడించిన మందును తల, మెడ కేన్సర్లకు అనుమతించింది.

పెద్దమ్మ విన్న బంగారం పొడి దారి వేరు. ఇక్కడ పని చేసేది వేడి. ఇసుక జాతి గుండ మీద బంగారు పూత పూసిన రేణువులను రక్తంలోకి ఎక్కిస్తారు. వెంట్రుకను అయిదారు వందల పోగులుగా చీలిస్తే ఒక పోగెంతో ఆ రేణువు అంత. కణితిలోని రక్తనాళాలకు చిల్లులెక్కువ కాబట్టి రేణువులు అక్కడ చేరతాయి. కంటికి కనబడని ఎరుపవతలి కాంతిని లేజర్‌తో పంపితే బంగారం దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న కణాలు మాడిపోతాయి. ఈ ఊహను పట్టాలెక్కించినవారు ఇద్దరు స్త్రీలు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన నవోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్. 2003లో వారి బృందం ప్రచురించిన ప్రయోగంలో మొదట మాడింది ఒక స్త్రీ రొమ్ము కేన్సర్ కణాలు. తల, మెడ కేన్సర్ల మీద ఒక చిన్న ప్రయత్నం జరిగింది. చివరికి 2019లో మనుషుల మీద ఫలితాలంటూ అందరూ చెప్పుకున్నవి 16 మంది మగవాళ్ళ ప్రొస్టేట్ కేన్సర్‌వి. దీనికి సాంకేతిక కారణాలున్నాయని ఒప్పుకుంటాను. లోపలికి సూది దారిలో కాంతిని పంపి స్కానింగ్‌లో చూసుకోవడం ఆ అవయవంలో కుదిరింది. అయినా ఆడదాని కణం నుంచి మొదలైన దారి ఎవరి పడక దగ్గర ఆగిందో గమనించడం మనకు అలవాటైపోయింది, మానుకోలేను.

మన దగ్గరా ఈ పని జరుగుతోంది. ఇప్పుడు హైదరాబాద్ ఐఐటీలో ఉన్న అరవింద్ కుమార్ రెంగన్ అంతకు ముందు బొంబాయి ఐఐటీ బృందంతో కలిసి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇసుక గుండకు బదులు కొవ్వు బుడగ మీద బంగారు పూత పూశారు. పని అయ్యాక అది చిన్న ముక్కలై శరీరం నుంచి బయటకు పోవాలన్నది ఉద్దేశం. ఎలుకల్లో అది ఫలించింది. ఇది నాకు నచ్చిన పరిశోధన, ఎందుకంటే బంగారం ఒంట్లోకి పోయాక ఏమవుతుందన్న ప్రశ్నతోనే మొదలైంది. మామూలు బంగారు రేణువుల్లో చాలా భాగం కాలేయంలోనూ ప్లీహంలోనూ చేరి నెలల తరబడి ఉండిపోతుంది. బిడ్డను కనే వయసులో ఉన్న ఆడవాళ్ళ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మన దేశంలో నానో ఔషధాల పరీక్షకు 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. మందు ఒంట్లో ఎక్కడ చేరుతుంది, ఎంతకాలం ఉంటుంది చెప్పాలని అవి అడుగుతాయి.

ఆ మనిషి ఎండలోకి ఎప్పుడు వెళ్ళగలదు అని మాత్రం ఎవరూ అడగరు.

ఫోటోఫ్రిన్ ఎక్కించుకున్నవారు కనీసం 30 రోజులు నేరుగా ఎండ తగలకుండా ఉండాలి. మందు కణితిలోనే కాదు, చర్మంలోనూ ఉంటుంది. చర్మానికి ఎండ తగిలితే అక్కడా అదే పని చేస్తుంది. ఎండకు రాసుకునే క్రీములు కాపాడవు, ఎందుకంటే హాని చేసేది మామూలు వెలుతురే. మందుతో వచ్చే కాగితంలో దీన్ని జాగ్రత్తల కింద రాస్తారు. ఆ రాతలో ఒక మనిషి దాగి ఉంది. ఆమెకు కిటికీ తెరలున్న గది ఉంది, గదిలోనే స్నానాల గది ఉంది, నీళ్ళు కుళాయిలో వస్తాయి, వండి పెట్టేవాళ్ళున్నారు, సెలవు ఉంది. సాలూరు చుట్టూ ఆ మనిషిని వెతికి చూడండి. ఇక్కడ బహిర్భూమికి వెళ్ళినా ఎండే, బోరింగు దగ్గరకు వెళ్ళినా ఎండే. ఇంట్లో వెలుతురే రాదు కాబట్టి వంట కూడా చాలాచోట్ల వాకిట్లోనే.

నానో రేణువులు చేయగల అసలు మేలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మందు కణితిని దాటి చర్మంలోకి రాకపోతే, లేదా బంగారంలా వేడితో పని చేసి చర్మాన్ని ఎండకు లోకువ చేయకపోతే, పెద్దమ్మ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. శాస్త్రవేత్తలకు ఈ సంగతి తెలియక కాదు. చర్మానికి హాని తగ్గుతుందని చాలా పత్రాల్లో ఒక వాక్యం ఉంటుంది. కానీ ఫలితాల పట్టికలో కొలిచేది కణితి ఎంత కుంచించుకుపోయిందన్నదే. చికిత్స తర్వాత ఎన్నో రోజున రోగి ఎండలో పనికి వెళ్ళగలిగింది అనే గడి ఆ పట్టికలో లేదు. అది ఉండాలని మా సంఘంలో అన్నాను. "అది సామాజిక అంశం కదా మేడమ్" అని ఒక సభ్యుడు మర్యాదగా నవ్వారు. నన్ను పిలిచింది అందుకే కదా అనుకున్నాను.

ఖరీదైన రేణువు ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. అలీగఢ్‌లో అక్కడి వైద్య కళాశాల, అమెరికాలోని పరిశోధకులు కలిసి ముప్పయి మంది దాకా నోటి కేన్సర్ తొలి దశ రోగులకు మరో రకం కాంతి చికిత్స చేశారు. రోగి తాగే మందు, బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఇడి దీపం, నోట్లో ఎక్కడ వెలుగు పడాలో చూపించే ఫోను. కరెంటు పోయినా ఆగని పరికరం కావాలన్నది వాళ్ళు మొదటే పెట్టుకున్న షరతు. ఆ మందు ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది, ఎండ భయం అంతవరకే. చిన్న అధ్యయనమే, తొలి దశ రోగులకే. అయినా కరెంటు పోయే ఊరిని ముందు తలుచుకుని పరికరం తయారు చేయవచ్చని దానితో తెలిసింది. ఎండలో బతికే ఆడదాన్ని ముందు తలుచుకుని మందు కూడా తయారు చేయవచ్చు.

అయితే ఆమెను తలుచుకోవడం ఇంతకు ముందు లేకపోలేదు. పరీక్షలు చేయాల్సి వచ్చినప్పుడు ఆమె వెంటనే గుర్తొస్తుంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ కోసం ఆడవాళ్ళను పోగు చేశారు. అది ప్రయోగమని వారికి తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి అసలు విషయం చెప్పాక చాలామంది లేచి వెళ్ళిపోయారు. 1986లో ఆ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పదీ పద్నాలుగేళ్ళ మధ్య వయసు ఆడపిల్లలకు, సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. పరిశీలించిన అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా మంచిదే, వేయించుకోమనే నేనూ చెబుతాను. కానీ అంగీకారం వార్డెన్‌ది, శరీరం పిల్లది. 2011లో పిడుగురాళ్ళ ప్రాంతపు పేద స్త్రీల మీద డబ్బిచ్చి కేన్సర్ మందు పరీక్షించారని బయటపడింది. ఇవన్నీ మన రాష్ట్రాల్లో జరిగినవే.

రేపు కాంతి మందు నోటి కేన్సర్ మీద పరీక్షకు వస్తే, అడ్డపొగ ప్రాంతం కంటే అనువైన చోటు దొరకదు. అంగిలి పుండు చర్మం మీద పుండులాంటిదే, వెలుగు సూటిగా పడుతుంది. కాంతి ఒంట్లోకి వేలు మందం కంటే ఎక్కువ లోతుకు పోదు కనుక వైద్యులకు ఇలాంటి పైపై కణితులే కావాలి. అందుకే పరీక్షలు ఇక్కడికి రాకూడదని నేను అనను. రావాలి. మన ఆడవాళ్ళ నోటి కోసం ఇంతకాలం ఏ మందూ రాలేదు. వచ్చినప్పుడు దాన్ని అడిగే హక్కులు చేతిలో పెట్టుకుని ఎదురెళ్ళాలి. 2019 క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం నైతిక సంఘంలో కనీసం ఏడుగురుండాలి. వారిలో ఒక స్త్రీ, ఒక సామాన్య పౌరుడు, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి. సామాజిక శాస్త్రజ్ఞులో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధో ఒకరు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్ళై ఉండాలి. ఈ కుర్చీలు చాలాచోట్ల ఎవరో ఒకరి చుట్టాలతోనో రిటైరైన ఉద్యోగులతోనో నిండుతాయి. విశాఖలోనూ విజయనగరంలోనూ పనిచేస్తున్న మన మిత్రులు తమ జిల్లా వైద్య కళాశాలల నైతిక సంఘాల్లో ఎవరున్నారో కనుక్కుని మాకు రాయండి. అంగీకార పత్రం కువిలోనూ సవరలోనూ చదివి వినిపించే మనిషి ఉన్నారా అన్నది కూడా అడగండి.

కూలి సంగతి ఒకటుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి శస్త్రచికిత్స ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది, పేరు ఎన్నిసార్లు మారినా. కోలుకునే రోజుల కూలి గురించి మాత్రం 2019లోనే మాట వచ్చింది. ఆరోగ్య ఆసరా పేరుతో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామన్నారు. మంచం పట్టిన మనిషి కూలికి విలువ ఉందని మొదటిసారి ఒప్పుకున్నందుకు ఆ జీవో నాకు ముఖ్యం. ఆమె చేసే మిగతా పనికి, నీళ్ళకూ పొయ్యికీ మేకలకూ, ఏ లెక్కా కట్టలేదు. నెల్లాళ్ళు ఆ పని ఎవరి మీద పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. బడి మానేసిన మనవరాలి మీద.

ఇదంతా రేపటి సంగతి. బంగారు రేణువుల చికిత్స ఇంకా పరిశోధన దశ దాటలేదు. పెద్దమ్మ నోరు ఇవాళ్టిది. ఆమెకు ముందు కావలసిన వెలుగు టార్చిలైటు. 1996లో తిరువనంతపురం జిల్లాలో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోరు తెరిపించి చూశారు. పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి కేన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అంతకు ముందు మన శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు అలవాటున్నవారిని కలిసి మానమని నచ్చజెప్పిన కార్యక్రమం ఫలితాలు 1986లో వచ్చాయి. మానినవారిలో అంగిలి మచ్చలు తగ్గాయి. ముప్పయ్యేళ్ళు దాటినవారి నోరు చూడాలని జాతీయ కార్యక్రమంలో 2016 నుంచి రాసి ఉంది. పెద్దమ్మ వెళ్ళిన ఆస్పత్రిలో ఆ కాగితం ఏ బీరువాలో ఉందో.

సాయంత్రం సమావేశం ముగిసే ముందు, వచ్చిన ఏఎన్ఎమ్ చేత అందరి నోళ్ళూ చూపించాం. సెల్‌ఫోన్ టార్చి, ఒక చెమ్చా. మొదట సిగ్గుపడ్డారు, తర్వాత ఒకరి నోరు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇరవై ముగ్గురిలో నలుగురికి అంగిలి మీద మార్పు ఉంది. వాళ్ళలో ఒకామె వయసు ముప్పయ్యారు.

పెద్దమ్మకు విశాఖపట్నం వెళ్ళాలని చెప్పాం. నూరు కిలోమీటర్లు దాటిన దూరం, రెండు బస్సులు. సోమవారం తెల్లవారుజామున బయలుదేరతానంది. కోడలు తోడు వస్తానంది. మేకలు ఎవరికి అప్పజెప్పాలన్నది నేను సాలూరు బస్సెక్కేసరికి ఇంకా తేలలేదు.